ఊరి చందాతో పాత సినిమా హాలు నిలబడుతుందా?

సంక్షిప్తంగా: మూతబడిన పాత థియేటర్‌ను ఊరివాళ్లు చందాలు వేసుకుని తెరిపించడం అసాధ్యమేమీ కాదు. అయితే విరాళంతో తీరేది ఒకసారి పెట్టే ఖర్చు మాత్రమే. పైకప్పు, వైరింగు, కుర్చీలు, ప్రొజెక్టరు ఆ కోవలోకి వస్తాయి. కరెంటు బిల్లు, జీతాలు, సినిమా సరఫరా నెలనెలా తేలవలసిన లెక్కలు. ఈ రెండింటికీ వేర్వేరు ఏర్పాట్లు కావాలి. స్థలం హక్కు ఎవరిదో తేలకముందే రసీదు పుస్తకం అచ్చు వేయించడం అంతకంటే పెద్ద చిక్కు.

పెట్టెల కాలం పోయి తాళంచెవుల కాలం

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లోని చిన్న పట్టణాల్లో సినిమా హాళ్లు ఎందుకు మూతబడ్డాయన్న ప్రశ్నకు సాధారణంగా వినిపించే జవాబు సెల్‌ఫోను, ఓటీటీ. అది సగం జవాబే. అసలు మార్పు అంతకు ముందే, సినిమా ఊరికి చేరే పద్ధతిలో వచ్చింది.

35 ఎంఎం ఫిల్ము ప్రింట్లు ఉన్నంతకాలం సీ సెంటర్, అంటే చిన్న ఊరి, థియేటర్‌కు ఒక రకమైన రక్షణ ఉండేది. ఒక్కో ప్రింటుకు ఖర్చు ఎక్కువ కాబట్టి పంపిణీదారు వాటిని లెక్కగా తీయించేవాడు. అవి ముందు తిరుపతి వంటి పెద్ద కేంద్రాల్లో ఆడి, కలెక్షన్లు తగ్గాక చిన్న ఊళ్లకు దిగేవి. నెల ఆలస్యంగా వచ్చినా ఆ ఊరికి అదే కొత్త సినిమా. 2005 ప్రాంతంలో మొదలై దాదాపు పదేళ్లలో పూర్తయిన డిజిటల్ మార్పు ఈ వరసను చెరిపేసింది. పెద్ద సినిమా ఒకే ఉదయం అన్ని ఊళ్లలోనూ పడుతోంది, మొదటి శని, ఆదివారాలు దాటేసరికి కలెక్షన్లలో ఎక్కువ భాగం వచ్చేస్తోంది, నాలుగైదు వారాలకు అదే సినిమా ఇంట్లో టీవీలో కనిపిస్తోంది. చిన్న ఊరికి ఇంతకుముందు లేని సౌకర్యం దక్కిన మాట నిజమే కాని, థియేటర్‌కు మాత్రం ఏడాదిలో నిండుగా నడిచే వారాలు తగ్గిపోయాయి.

సరఫరా తీరు కూడా మారింది. ఇప్పుడు సినిమా ఇనుప పెట్టెల్లో బస్సు మీద రావడం లేదు. హార్డ్ డిస్కులోనో ఉపగ్రహం ద్వారానో సర్వర్‌లోకి దిగుతుంది. అది తెరుచుకోవాలంటే ఫలానా సర్వర్‌కు, ఫలానా తేదీల మధ్య మాత్రమే పనిచేసే డిజిటల్ తాళంచెవి రావాలి. ప్రొజెక్టర్ క్యాబిన్‌లో పనిచేసేవాళ్లు దాన్ని కేడీఎం అంటారు. అది రానిదే హాలు నిండా జనం కూర్చున్నా ఆట పడదు. ఈ సరఫరాను నడిపేవి క్యూబ్, యూఎఫ్ఓ వంటి డిజిటల్ సర్వీస్ సంస్థలు. సినిమాను డిజిటల్‌గా ఆడించినందుకు అవి వసూలు చేసే వర్చువల్ ప్రింట్ ఫీజు ఎక్కువగా ఉందంటూ 2018 మార్చిలో దక్షిణాది నిర్మాతలు విడుదలలు ఆపినప్పుడు, ఆ గొడవతో ఏ సంబంధమూ లేని చిన్న థియేటర్లు కూడా ఖాళీగా ఉండిపోయాయి. ఊరు సొంత డబ్బుతో ప్రొజెక్టరు కొనుక్కున్నంత మాత్రాన ఈ గొలుసు నుంచి బయటపడదన్నది ఇక్కడ గమనించవలసిన విషయం.

అద్దెనా, పర్సంటేజీనా

థియేటర్ యజమానికి డబ్బు వచ్చే దారులు ప్రధానంగా రెండు. అద్దె పద్ధతిలో పంపిణీదారు వారానికి ఇంత అని ఇచ్చి కలెక్షను మొత్తం తీసుకుంటాడు. పర్సంటేజీ పద్ధతిలో పన్ను పోగా మిగిలిన నెట్‌ను ఇద్దరూ పంచుకుంటారు. పెద్ద సినిమాలను అద్దెకు, జనం రాని చిన్న సినిమాలను పర్సంటేజీకి ఇస్తున్నారని, లాభమున్నచోట తమకు వాటా దక్కడం లేదని ఎగ్జిబిటర్ల, అంటే థియేటర్లు నడిపేవారి, ఫిర్యాదు. 2025 మే నెలలో ఈ విషయం ముదిరి, జూన్ 1 నుంచి థియేటర్లు మూసివేస్తామనే దాకా వెళ్లింది. తర్వాత ఆ నిర్ణయాన్ని విరమించుకున్నారు. అంతకు ముందు ఏడాది మే నెలలో తెలంగాణలో సింగిల్ స్క్రీన్లు జనం లేక కొద్ది రోజులు ఆటలు ఆపేశాయి. ఊరి కమిటీ చేతికి వచ్చిన హాలు కూడా ఇదే బేరంలో కూర్చోవాలి. పైగా ఒక్క తెర ఉన్న ఒక్క హాలుకు బేరమాడే బలం తక్కువ. పది ఇరవై థియేటర్లను లీజుకు తీసుకుని నడిపేవారికి ముందు సినిమా దొరకడంలో వింతేమీ లేదు.

ఈ జిల్లాలకు ప్రత్యేకమైన మెలిక ఇంకొకటి ఉంది. సినిమా పంపిణీలో రాయలసీమను సీడెడ్ అంటారు. ఉమ్మడి చిత్తూరు జిల్లా అందులోకే వస్తుంది. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన తిరుపతి జిల్లాలో మాత్రం పాత నెల్లూరు నుంచి వచ్చిన వెంకటగిరి, సూళ్లూరుపేట ప్రాంతాలు కూడా ఉన్నాయి. వాటికి సినిమా నెల్లూరు పంపిణీదారు ద్వారా వస్తుంది. కలెక్టరేటు ఒకటే అయినా శ్రీకాళహస్తి హాలూ వెంకటగిరి హాలూ సినిమా కోసం వేర్వేరు ఆఫీసులకు ఫోను చేయాలి. జిల్లా మొత్తానికి కలిపి ఒక సంఘం పెట్టుకుందామనుకునేవారికి ఇది చిన్న అడ్డంకి కాదు.

చట్టం దృష్టిలో వారసత్వం

పాత హాలును కాపాడాలనేవారు మొదట వాడే మాట వారసత్వ కట్టడం. ఆ మాటకు ఊరి జ్ఞాపకంలో ఉన్న బరువు చట్టంలో లేదు. 1958 నాటి కేంద్ర పురాతన కట్టడాల చట్టం ప్రకారం రక్షణ దొరకాలంటే కట్టడానికి కనీసం 100 ఏళ్ల వయసు ఉండాలి. మద్రాసులో రఘుపతి వెంకయ్య నాయుడు గెయిటీ థియేటర్ కట్టిందే 1914లో. ఈ ప్రాంతపు చిన్న పట్టణాల్లో మొదట డేరా కింద ఆడే టూరింగ్ టాకీసులు తిరిగాయి, శాశ్వత హాళ్లు చాలా వరకు ఆ తర్వాత లేచినవే. సినిమాకు ముందు నాటకం ఉండేది. చిత్తూరు నాగయ్య నటుడిగా పేరు తెచ్చుకున్నది ఆ ఊరి రామ విలాస సభ వేదిక మీద. ఇలాంటి చరిత్ర ఎంత ఉన్నా, 60, 70 ఏళ్ల సినిమా హాలును యజమాని కూల్చదలిస్తే ఆపే శక్తి కేంద్ర చట్టానికి లేదు. ముంబైలో 1995 నాటి వారసత్వ నిబంధనలు నగరస్థాయి జాబితా ద్వారా ఇలాంటి భవనాలకు కొంత అండ ఇచ్చాయి. చిన్న మునిసిపాలిటీకి అంతటి యంత్రాంగం ఉండదు.

కాబట్టి ఇక్కడ హాలు భవిష్యత్తును నిర్ణయించేది యజమాని ఇష్టం, స్థలం ధర. బజారు మధ్యలో ఉన్న ఎకరా, ఎకరన్నర జాగాకు కల్యాణ మండపం గానీ దుకాణాల సముదాయం గానీ ఇచ్చే ప్రతిఫలాన్ని రోజుకు నాలుగు ఆటలు ఇవ్వలేవు. పైగా కట్టించిన తరం పోయి స్థలం అన్నదమ్ముల వాటాల్లోకి, అక్కడి నుంచి పిల్లల వాటాల్లోకి వెళ్లి ఉంటుంది. ఒక్క వాటాదారు సంతకం పెట్టకపోయినా ఊరు పెట్టిన ఖర్చు గాలిలో దీపమే. అందుకే ఇలాంటి ప్రయత్నంలో మొదట ఖర్చు పెట్టవలసింది సున్నం మీద కాదు. ఈసీ (స్థలం మీద జరిగిన లావాదేవీలు చూపే ధ్రువపత్రం), లింకు దస్తావేజుల (స్థలం చేతులు మారిన పాత పత్రాల) పరిశీలన మీద. ఏడాదికి మించిన లీజుకు 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి. వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాసుకుని, ఏటేటా పొడిగించుకుందామన్న మాట మీద 40 లక్షల పైకప్పు వేయడం తెలివైన పని కాదు. పెట్టుబడి తిరిగి రావడానికి ఎన్నేళ్లు పడుతుందో కనీసం అన్నేళ్లయినా లీజు ఉండాలి.

చందా వేరు, వాటా వేరు

ఊరంతా కలిసి వినోదానికి ఖర్చు పెట్టడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. ధర్మరాజు గుళ్ల దగ్గర జరిగే మహాభారత యజ్ఞాలు అందుకు మంచి ఉదాహరణ. పగలు హరికథ, రాత్రి వీధినాటకం, మధ్యలో అర్జునుడు తపస్సుమాను ఎక్కడం, చివర దుర్యోధన వధ, ఇవన్నీ చుట్టుపక్కల ఊళ్ల చందాలతోనే నడుస్తాయి. కాణిపాకం వంటి చోట్ల బ్రహ్మోత్సవాల్లో ఒక్కో రోజు సేవ ఖర్చును ఉభయదారులు భరిస్తారు. ఈ రెండింటిలోనూ ఖర్చుకు గడువుంది. ఉత్సవం ముగిశాక లెక్క చూసి పుస్తకం మూసేస్తారు. థియేటర్ ఖర్చుకు అలాంటి ఆఖరి రోజు ఉండదు. అయితే ఉభయం పద్ధతిలో పనికొచ్చే గుణం ఒకటుంది: ఎవరు దేనికి ఇచ్చారో అందరికీ కనిపిస్తుంది. ఫలానా కుటుంబం యాభై కుర్చీలకు, ఫలానా బ్యాచి పూర్వ విద్యార్థులు జనరేటరుకు అని విడదీసి అడిగితే, మొత్తంగా ఇంత కావాలని అడిగినదానికంటే నమ్మకం ఎక్కువగా ఉంటుంది.

తిరిగి ఇస్తామని చెప్పి డబ్బు తీసుకోవడం దగ్గరే అసలు ప్రమాదం మొదలవుతుంది. “పదివేలు ఇవ్వండి, మూడేళ్లలో వడ్డీతో ఇస్తాం” అని కమిటీ ప్రకటిస్తే, ఉద్దేశం ఎంత మంచిదైనా అది డిపాజిట్ కిందకు వస్తుంది. అనియంత్రిత డిపాజిట్ పథకాలను 2019 నాటి కేంద్ర చట్టం నిషేధించింది. ప్రైవేటు కంపెనీ పెట్టి వాటాలు అమ్ముదామంటే సభ్యుల సంఖ్య 200 దాటకూడదు. చీటీల పేరిట మోసపోయిన అనుభవం లేని వీధి అరుదైన ఈ పట్టణాల్లో, రాబడి ఆశ చూపి పోగుచేసిన డబ్బు హాలు కంటే ముందు కమిటీ పేరునే కూలుస్తుంది.

మిగిలే మార్గాలు మూడు. 2001 నాటి రాష్ట్ర చట్టం కింద సొసైటీగా నమోదు కావడం తేలిక. విరాళాలకు అది సరిపోతుంది కాని, రోజువారీ వ్యాపారానికి అంత అనువైనది కాదు. కంపెనీల చట్టంలోని సెక్షన్ 8 కింద లాభాపేక్ష లేని కంపెనీ పెడితే లెక్కల్లో క్రమశిక్షణ ఉంటుంది, డివిడెండు ఇవ్వకూడదు. 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం, వాడుకలో మాక్స్ చట్టం, వీటికి భిన్నమైనది. సభ్యులు వాటా ధనం పెడతారు, ఎంత పెట్టినా ఒకరికి ఒకే ఓటు, ప్రభుత్వ పెత్తనం తక్కువ. నడిపే బాధ్యత ఊరిదే కావాలనుకుంటే ఇదే దగ్గరి దారి. కాకపోతే 2002లో మూతబడిన చిత్తూరు సహకార డెయిరీ జ్ఞాపకం సహకారం అన్న మాటను ఇక్కడ కాస్త అనుమానంగానే చూసేలా చేస్తుంది.

కంపెనీల సామాజిక బాధ్యత నిధులూ ఒక దారే. చారిత్రక ప్రాధాన్యమున్న భవనాల పునరుద్ధరణ, కళల పరిరక్షణ కంపెనీల చట్టం ఏడో షెడ్యూలులో ఉన్నాయి. శ్రీసిటీ వంటి పారిశ్రామిక వాడ ఉన్న జిల్లాలో ఇది గాలి మాట కాదు. అయితే టికెట్లు అమ్మే వాణిజ్య థియేటర్‌కు ఆ నిధి ఇవ్వడానికి కంపెనీలు జంకుతాయి. భవనాన్ని ఒక ధర్మ సంస్థ పేర, ఆట నడిపే పనిని వేరొక సంఘం పేర ఉంచితే ఆ అభ్యంతరం కొంత తగ్గుతుంది.

తలుపు తీశాక కనిపించేది

పదేళ్లు మూతబడిన హాలు లోపల ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అన్నది భావోద్వేగంతో తేలేది కాదు. టికెట్ల కోసం ఒక్కొక్కరే నడిచేలా కట్టిన ఇరుకు క్యూ సందులు, ఆడవారికి వేరుగా ఉన్న టికెట్ల గది, నేల నుంచి బాల్కనీ వరకు తరగతులను విడదీసిన అడ్డగోడలు, క్యాబిన్ గోడలోని చిన్న చదరపు కిటికీలు ఉంచదగినవి. ఆ కిటికీలకు ఉండే ఇనుప మూతలకు ఒక కారణముంది. 1950ల ఆరంభం వరకు వాడిన నైట్రేట్ ఫిల్ము తేలికగా అంటుకునేది, అంటుకుంటే ఆరేది కాదు. క్యాబిన్‌లో మంట లేవగానే మూతలు పడి హాలులోకి రాకుండా ఆపాలన్నది ఏర్పాటు. ఇలాంటి వివరాన్ని ఒక చిన్న పలక మీద రాసిపెడితే బడి పిల్లలకు చూపించడానికి అదొక్కటే చాలు.

ఆస్బెస్టాస్ రేకులు, పాత వైరింగు, చెదపట్టిన చెక్క మెట్లు ఉంచదగినవి కావు. కుర్చీల సంఖ్య కూడా తగ్గించాల్సిందే. 1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ థియేటర్‌లో 59 మంది చనిపోయిన ప్రమాదంలో, అదనపు కుర్చీల వల్ల దారులు మూసుకుపోవడం ఒక ప్రధాన కారణం. సినిమా ఆడించడానికి ఉండవలసిన బీ-ఫారం లైసెన్సుకు అగ్నిమాపక శాఖ ఎన్ఓసీ, విద్యుత్ తనిఖీ అధికారి ధ్రువపత్రం, ఆర్ అండ్ బీ ఇంజనీరు ఇచ్చే భవన పటిష్ఠత ధ్రువపత్రం కావాలి. 2021 డిసెంబరు తనిఖీల్లో ఇలాంటి పత్రాలు లేవన్న కారణంతో చిత్తూరు జిల్లా సహా పలుచోట్ల నడుస్తున్న థియేటర్లే మూతబడ్డాయి. మూతబడినదాన్ని తెరవాలంటే అధికారులు ఇంకాస్త గట్టిగా చూస్తారని అనుకోవడమే మేలు.

నెల తిరిగేసరికి

ఊహకు ఒక లెక్క వేసి చూడవచ్చు. బాగుచేశాక 500 సీట్లు, టికెట్టు జీఎస్టీతో కలిపి 80 రూపాయలు, ఏడాది సగటున 15 శాతం సీట్లు నిండాయనుకుందాం. ఆటకు 75 టికెట్లు, 6,000 రూపాయలు. 2025 సెప్టెంబరు 22 నుంచి 100 రూపాయల లోపు టికెట్ల మీద జీఎస్టీ 5 శాతమే కాబట్టి చేతికి 5,714 మిగులుతుంది. రోజుకు నాలుగు ఆటలు, సగం పంపిణీదారుకు పోతే నెలకు హాలు వాటా దాదాపు 3.4 లక్షలు. ఇందులోంచే స్థలం లీజు, ఆపరేటరు, బుకింగ్ గుమస్తా, గేటు, స్వీపరు, కాపలా జీతాలు, డీజిలు, కరెంటు పోవాలి.

కరెంటులో యూనిట్ల బిల్లు కంటే ఇబ్బంది పెట్టేది డిమాండు చార్జీ. ఆట ఆడినా ఆడకున్నా తీసుకున్న లోడును బట్టి అది పడుతుంది. కొవిడ్ సమయంలో 2020 ఏప్రిల్ నుంచి జూన్ వరకు థియేటర్లకు ఫిక్స్‌డ్ చార్జీలను రాష్ట్ర ప్రభుత్వం రద్దు చేయవలసి వచ్చిందంటే వాటి బరువు అర్థమవుతుంది. లేజర్ ప్రొజెక్టరు దీపం 20,000 గంటల దాకా పనిచేస్తుంది కాబట్టి, పాత తరహా ప్రొజెక్టర్లలో వాడే జినాన్ బల్బులు తరచూ మార్చే ఖర్చు తప్పుతుంది. ఒకసారి వచ్చే చందాను ఇలా నెల ఖర్చు తగ్గించే వస్తువుల మీద పెట్టడం లాభం. ముఖద్వారానికి పాలరాయి వేయించాలనే దాత ప్రతి ఊళ్లోనూ దొరుకుతాడు, పైకప్పు మీద సౌర పలకలకు ఇచ్చేవాడు అరుదు. కమిటీ వెతకవలసింది రెండోవాడిని.

టికెట్టు పెంచి గట్టెక్కుదామంటే ఆ స్వేచ్ఛా పరిమితమే. 2021 ఏప్రిల్‌లో జీవో 35 గ్రామ పంచాయతీల్లో కనీస ధరను 5 రూపాయలకు దించింది. 2022 మార్చిలో వచ్చిన జీవో 13 రాష్ట్రంలో కనిష్ఠం 20, గరిష్ఠం 250గా మార్చింది. ఊరి స్థాయిని, ఏసీ ఉందా లేదా అన్నదాన్ని బట్టి ధరల మెట్లు ఉన్నాయి. ఏసీ పెడితే పై మెట్టు దొరుకుతుంది, దానితోపాటే డిమాండు చార్జీ కూడా ఎక్కుతుంది. ఈ తూకాన్ని పనులు మొదలుపెట్టాక కాకుండా అంచనాలు వేసేటప్పుడే చూడాలి.

హార్విచ్, కాంబెల్‌టౌన్, సూళ్లూరుపేట

ఇంగ్లండులోని హార్విచ్ అనే రేవు పట్టణంలో ఎలక్ట్రిక్ ప్యాలెస్ 1911లో మొదలై 1956లో మూతబడింది. 1972లో దాన్ని రక్షిత కట్టడాల జాబితాలో చేర్చారు. స్థానికుల ట్రస్టు 1981లో తిరిగి తెరిచింది. అంటే ముందు చట్టం కూల్చివేతను ఆపింది, ఆ తర్వాత తొమ్మిదేళ్లు తీరికగా పని జరిగింది. స్కాట్లాండులోని కాంబెల్‌టౌన్‌లో 1913 నాటి పిక్చర్ హౌస్‌ను ఊరి సంస్థే నడిపింది. 2017లో పునరుద్ధరణ పూర్తయ్యేనాటికి పక్కనే రెండో చిన్న తెర చేర్చారు. కొత్త సినిమా ఇచ్చేవారు అన్ని ఆటలూ తమకే కావాలంటారు. తెర ఒక్కటే అయితే ఆ వారం మరో సినిమాకు చోటుండదు. అమెరికాలో చారిత్రక భవనాలను బాగుచేసి ఆదాయానికి వాడుకునేవారికి ఖర్చులో 20 శాతం మేర కేంద్ర పన్ను రాయితీ ఉంది. ఈ మూడింటి వెనకా ప్రభుత్వ చేయూత ఏదో ఒక రూపంలో ఉంది. ముంబై రాయల్ ఒపేరా హౌస్ 1993లో మూతబడి 2016లో తెరుచుకున్నా, అది యజమాని కుటుంబం చేయించిన పని, ఊరిది కాదు.

దగ్గరి ఉదాహరణ మరో దిక్కుది. 2019లో సూళ్లూరుపేటలో 100 అడుగులకు పైగా వెడల్పున్న తెరతో ఒక థియేటర్ వచ్చింది. జాతీయ రహదారి పక్కన, చెన్నై వైపు నుంచి కూడా జనం వచ్చేలా, ప్రైవేటు పెట్టుబడితో కట్టినది. చిన్న ఊరికి జనం రారన్న మాట పూర్తిగా నిజం కాదని అది చూపింది. వచ్చేది మాత్రం ఇంట్లో దొరకని అనుభవం కోసమని కూడా చూపింది. పాత హాలులో అంత పెద్ద తెర పెట్టడం కుదరదు. దానికి వేరే ఆకర్షణ ఉండాలి.

ఏ ఊరికి పొసగుతుంది

సరిహద్దు ఊళ్లకు ఒక అనుకూలత ఉంది. 1960లో తిరుత్తణి ప్రాంతం మద్రాసు రాష్ట్రానికి వెళ్లినా, నగరి, పుత్తూరు వైపు తమిళం వాడుకలోంచి పోలేదు. కుప్పంలో కన్నడం కూడా వినిపిస్తుంది. రెండు మూడు భాషల సినిమాలకు ప్రేక్షకులున్న చోట ఖాళీ వారాలు తక్కువ. 2022 నుంచి ఊపందుకున్న పాత సినిమాల రీ-రిలీజులు మరో ఆసరా, అయితే వాటికీ హక్కులు కొనాలి, డిజిటల్ ప్రతి ఉండాలి. శ్రీకాళహస్తి వంటి యాత్రా స్థలాల్లో రోజూ కనిపించే జనసందోహాన్ని ప్రేక్షకులుగా లెక్కవేయడం పొరపాటు. రాహుకేతు పూజ చేయించుకుని బస్సెక్కేవారు మ్యాట్నీకి ఆగరు.

చందా వసూలుకు కూడా కాలముంది. మగ్గాలు ఆధారమైన నగరి, పుత్తూరులో నెలవారీ చిన్న మొత్తాలు కుదురుతాయి. మామిడి మీద బతికే ఊళ్లలో ఇవ్వగలిగేది కాయ అమ్మిన తర్వాతే, అదీ ధర ఉంటేనే. 2025లో తోతాపురి ధర పడిపోయి ప్రభుత్వమే కిలోకు 4 రూపాయలు కలిపి ఇవ్వవలసి వచ్చింది. అలాంటి ఏడాది మొదలుపెట్టిన పని సగంలో ఆగుతుంది. అందుచేత పనిని విడతలుగా, ప్రతి విడతా తనంతట తాను ఉపయోగపడేలా వేసుకోవాలి. ముందు పైకప్పు, వైరింగు, దారులు పూర్తయితే తగిన అనుమతులతో నాటకాలకు, బడి వార్షికోత్సవాలకు హాలును అద్దెకివ్వవచ్చు. ప్రొజెక్టరు, ఏసీ రెండో విడతకు ఉంచవచ్చు. మొదటి విడత అద్దెలతో డిమాండు చార్జీ, కాపలాదారు జీతం వెళ్లకపోతే, రెండో విడతకు చందా అడగకుండా ఆగిపోయే అధికారం కమిటీకి ఉండేలా ముందే తీర్మానం రాసుకోవాలి. ఆ పరిస్థితిలో మిగిలిన సొమ్ము దాతలకు వెళ్తుందా, ఊరి గ్రంథాలయానికి వెళ్తుందా అన్నది కూడా మొదటి రసీదు మీదే అచ్చయి ఉండాలి.